ముప్ఫై దగ్గర ఏడు గీతలు

"మీ మెషీన్ పాడైందండీ."

ఆ గదిలోకి మొదటిసారి వచ్చి ఆమె అన్న మొదటి మాట అదే. పలకరింపు లేదు, పరిచయం లేదు. చేతిలో ఒక కాగితం, దాని మీద ఎర్ర పెన్నుతో చుట్టిన ఒక గీత.

ఆపరేటర్ కుర్చీలోంచి లేచాడు. మర్యాద కోసం కాదు, కంగారులో లేచాడు. బేస్‌మెంట్‌లో ఉన్న ఆ గదిలోకి మనుషులు రావడం మానేసి చాలా కాలమైంది. గది మధ్యలో మనిషికన్నా ఎత్తుగా తెల్లటి డ్రమ్ములాంటి ఎన్‌ఎంఆర్ యంత్రం ఉంటుంది, దాని కడుపులో పెద్ద అయస్కాంతం. పై అంతస్తుల్లో కెమిస్టులు తమ పదార్థాల్ని జానెడు పొడవున్న సన్నటి గాజు ట్యూబుల్లో కరిగించి, స్లిప్పు చుట్టి, తలుపు బయట స్టాండులో పెట్టి పోతారు. అతను వాటిని యంత్రంలోకి దించుతాడు. పదార్థంలో ఏముందో యంత్రం గీతలుగా గీసి చూపిస్తుంది. ఆ గ్రాఫుల్ని అతను మెయిల్లో పంపిస్తాడు. ఈ వ్యవహారంలో ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

"ఆగండాగండి," అన్నాడు. "వాచీ."

"ఏంటి?"

"వాచీ తీసి ఆ ట్రేలో పెట్టండి. తలలో క్లిప్పు కూడా. అయస్కాంతం లాగేస్తుంది."

ఆమె విసురుగా వాచీ తీసింది, క్లిప్పు తీసింది. జుట్టంతా మొహం మీద పడింది. ఒక చేత్తో జుట్టూ ఇంకో చేత్తో కాగితమూ పట్టుకుని పోట్లాడటం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. అయినా తగ్గలేదు.

"నా పదార్థంలో ఈ గీత ఉండకూడదు. నిన్న రెండుసార్లు పంపించా, రెండుసార్లూ వచ్చింది. మీ మెషీన్ దగ్గరే ఏదో తేడా ఉంది."

అతను కాగితం చూశాడు. కాగితాన్నే చూశాడు. "ఇది అసిటోన్ అండి."

"నేను అసిటోన్ వాడలేదు."

"ట్యూబు కడగడానికి వాడుంటారు."

"కడిగి ఆరబెట్టాను."

"ఎంతసేపు?"

ఆమె కళ్లు పెద్దవి చేసింది. "అంటే, నా ట్యూబులు మురికిగా ఉన్నాయంటారా?"

"నేనలా అనలేదండి. గీత అంటోంది."

ఆమె కాగితం లాక్కుని వెళ్లిపోయింది. ఆ విసురులో వాచీ గుర్తొచ్చింది గానీ క్లిప్పు గుర్తు రాలేదు. ట్రేలో అతని తాళాల గుత్తి పక్కన నల్ల క్లిప్పు ఒకటి మిగిలింది. ఆ రోజు సాయంత్రం వరకూ అతను ఏ పనిలో ఉన్నా కళ్లు ట్రే మీదికే పోయాయి.

ఆమెది మూడో అంతస్తు. పరిశోధనకి చేరి నాలుగు నెలలైంది. ఆమె పేరు స్లిప్పుల మీద రోజూ చూస్తూనే ఉన్నా, మనసులో మాత్రం ఆపరేటర్ ఆమెకు 'ఫిర్యాదు గారు' అని పేరు పెట్టుకున్నాడు. మర్నాడు క్లిప్పు కోసం వచ్చి ఇంకో ఫిర్యాదు చేసింది. ఆ పైవారం ఇంకోటి. వచ్చిన ప్రతిసారీ వాచీ, క్లిప్పు ట్రేలో పెట్టడం, జుట్టు చేత్తో పట్టుకోవడం, అతని మెషీన్‌ని దులిపేయడం అలవాటైపోయింది.

తమ ల్యాబులో దుమ్ము ఎక్కువని, కడిగిన ట్యూబుల్ని తెచ్చి అతని గదిలోనే ఒక స్టాండులో పెట్టడం మొదలుపెట్టింది. స్టాండుకి ఆకుపచ్చ టేపు అంటించి, "దీన్నెవరూ ముట్టుకోకూడదు" అని హుకుం జారీ చేసింది. ముట్టుకోవడానికి ఆ గదిలో ఉన్నది ఒక్కడే.

ఆ ఒక్కడూ ముట్టుకున్నాడు.

అతనికి ఆమె మీద జాలేసింది. ఆమె హడావుడి మనిషి. ట్యూబులో మామూలు అసిటోన్ పోసి, ఒకసారి ఊపి, పారబోసి వచ్చేస్తుంది. సన్నటి ట్యూబు అడుగున ఎంతో కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలింది గ్రాఫులో గీతై కూర్చుంటుంది. చెబితే మళ్లీ "నా ట్యూబులు మురికా?" అంటుంది. అందుకని చెప్పలేదు. అతని సొరుగులో ఇంకో రకం అసిటోన్ ఉంది. అందులో హైడ్రోజన్ ఉండదు. దాని స్థానంలో హైడ్రోజన్‌కి బరువైన తోబుట్టువు, డ్యుటీరియం ఉంటుంది. ఆమె పంపేవన్నీ హైడ్రోజన్‌లని చూసే పరీక్షలే. వాటిలో ఈ అసిటోన్ దాదాపు కనబడనే కనబడదు. సీసా తెరిచి చాలా రోజులై, కొలతలకు పనికిరాకుండా పోయింది ఎలాగూ. రోజూ పొద్దున్నే ఆమె రాకముందే దానితో ఆమె ట్యూబులన్నీ మరోసారి కడిగి, దుమ్ము పడకుండా మూతలు పెట్టి, ఎలా ఉన్నవి అలా స్టాండులో సర్దేసేవాడు.

ఫిర్యాదు గీత మాయమైంది. ఆమె కాగితం పట్టుకుని విజయగర్వంతో వచ్చింది.

"చూశారా, మీ మెషీన్ బాగుపడింది."

"అవునండి. మీరు తిట్టారని బుద్ధి తెచ్చుకున్నట్టుంది."

ఆమె నవ్వింది. అంతకుముందు ఆ గదిలో ఎవరూ నవ్వలేదేమో, ఆ శబ్దం అతనికి కొత్తగా వినబడింది. నవ్వి వెళ్లిపోయాక, ఇక ఆమె రాదని కూడా అతనికి తెలిసొచ్చింది. ఫిర్యాదు లేని మనిషి బేస్‌మెంట్‌కి ఎందుకు దిగుతుంది? తన చేతులతో తనే తలుపేసుకున్నాడు. అయినా మర్నాడు పొద్దున్న మళ్లీ ఆమె ట్యూబులు కడిగాడు.

తొమ్మిదిన్నరకి ఆమె వచ్చింది. వాచీ, క్లిప్పు ట్రేలో పెట్టి, మూలనున్న స్టూలు లాక్కుని, ఏదో ప్రింటవుట్ తీసి చదువుకోవడం మొదలుపెట్టింది.

"ఏమైనా తేడా వచ్చిందాండీ?" అడిగాడు భయంగా.

"లేదు. పైన గోలగా ఉంది. ఇక్కడ కాసేపు చదువుకోవచ్చా?"

అలా మూడు నెలలు వచ్చింది. ఒక్కోరోజు పది నిమిషాలు, ఒక్కోరోజు గంట. కంప్రెసర్ చప్పుడు, ట్యూబు లోపలికి దిగేటప్పుడు గాలి బుసకొట్టడం, ఆమె పేజీ తిప్పడం. మధ్యమధ్య మాటలు. మా ల్యాబులో ఆరుగురం ఉన్నాం, ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లవి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పేరు పెట్టి ఎవరూ పిలవరు అని ఒకరోజు చెప్పింది. చెప్పేటప్పుడు తేలిగ్గానే చెప్పింది. అతనికి మాత్రం అది గుచ్చుకుంది. ఎందుకంటే అతని సంగతీ అంతే. అద్దె గదికి పోతే అక్కడా ఒక్కడే, ఒక కంచం, ఒక గ్లాసు, కిటికీ ఎదురుగా వేరే బిల్డింగు గోడ.

ఆదివారాలు అక్క ఫోన్ చేసేది. "ఏరా, ఈ వారమైనా ఎవరితోనైనా మాట్లాడావా?"

"మాట్లాడానక్కా."

"మెషీన్ కాకుండా?"

"మెషీన్ కాకుండానే."

"సరే, నేనేం అడగను. నువ్వే చెప్పు, చెప్పాలనిపించినప్పుడు," అంది అక్క. చిన్నప్పట్నుంచీ వాణ్ణి కదిలిస్తే నత్తలా లోపలికి పోతాడని ఆవిడకి తెలుసు.

ఆ తర్వాత ఆమె ఎనిమిది నెలల కష్టం ఒక కొలిక్కి వచ్చింది. ఆఖరి పదార్థం తయారైంది. పదకొండు మిల్లీగ్రాములు, గోరు చివర పట్టేంత తెల్లపొడి. దానికి కార్బన్ పరీక్ష కావాలి. హైడ్రోజన్ పరీక్ష ఐదు నిమిషాల పని. కార్బన్ అలా కాదు, బతిమాలితే గానీ పలకదు. పదార్థం ఇంత తక్కువైతే శుక్రవారం సాయంత్రం పెడితే సోమవారం పొద్దున్నకి గ్రాఫు వస్తుంది.

సోమవారం వచ్చిన గ్రాఫులో అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. ఒక్కటి తప్ప. కింద స్కేలు మీద ముప్ఫైకి కాస్త ఇవతల, గడ్డి మొలిచినట్టు చిన్న గుబ్బ.

"ఇదేంటి?" అంది ఆమె.

"మెషీన్ నాయిస్ ఏమోనండి, మీ పదార్థానిది కాదు," అన్నాడు. అతను గ్రాఫు సరిగ్గా చూడలేదు. ఆమె మొహంలో రంగు మారడం చూస్తున్నాడు.

ఆమె రీసెర్చ్ గైడు మాత్రం నాయిస్ కాదన్నాడు. పదార్థం శుభ్రంగా లేదు, మళ్లీ ప్యూరిఫై చెయ్యమన్నాడు. చేసింది. పదకొండు మిల్లీగ్రాములు ఎనిమిదయ్యాయి. ఆ పై సోమవారం గుబ్బ అక్కడే ఉంది. మళ్లీ చేసింది. ఐదయ్యాయి. గుబ్బ ఇంకా పెరిగింది.

ఆ వారాల్లో ఆమె మాటలు తగ్గిపోయాయి. స్టూలు మీద కూర్చుని ప్రింటవుట్ ఒళ్లో పెట్టుకునేది గానీ పేజీ తిరిగేది కాదు. ఆమెకి ఇంకేం చెయ్యాలో తెలియక ఆపరేటర్ తనకి తెలిసిన సాయమే చేశాడు. ట్యూబుల్ని ఒకసారికి బదులు మూడుసార్లు కడిగి, మూతలు ఇంకా గట్టిగా బిగించాడు.

నాలుగో వారం బుధవారం ఆమె వాచీ తియ్యకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"రేపు మధ్యాహ్నం మళ్లీ ప్యూరిఫై చేస్తున్నా. ఇదే ఆఖరు. ఈ సోమవారానికి ఆ గీత పోకపోతే మొదటి స్టెప్పు నుంచి మళ్లీ మొదలుపెట్టమన్నారు."

"మొదటి నుంచా?"

"నా వల్ల కాదండీ. వదిలేసి వెళ్లిపోతా." అరచేతులు చూసుకుంది. "ఏం చేసినా ఇలాగే వస్తోంది. నా చేతులే మంచివి కావేమో."

ఆ మాట అతన్ని ఆ సాయంత్రమంతా వదల్లేదు.

గురువారం పొద్దున్నుంచీ వాన. బేస్‌మెంట్‌కి వాన కనబడదు, వెంటిలేటర్ రేకు మీద చప్పుడు మాత్రం వినబడుతుంది. ఆపరేటర్ మూడో గ్రాఫు తెరిచి, మొదటిసారి ఆమె మొహం లేకుండా, గ్రాఫునే చూశాడు. ఆ గుబ్బని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. అది గుబ్బ కాదు. గీతలు. సమానమైన ఎడంతో, మధ్యలోది అన్నిటికన్నా ఎత్తుగా, అటూ ఇటూ మెట్లు దిగినట్టు.

వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఏడు.

మళ్లీ లెక్కపెట్టాడు. ఏడే.

కార్బన్‌ని ఒక డ్యుటీరియం అంటిపెట్టుకుంటే దాని గీత మూడుగా చీలుతుంది. మూడు డ్యుటీరియాలుంటే ఏడుగా. ఇది అతనికి తన ఫోన్ నంబరుకన్నా బాగా తెలుసు. అసిటోన్ కార్బన్ ఉండేది కూడా ఆ ముప్ఫై దగ్గరే. మూడో అంతస్తులో ఎవరి ఫ్లాస్కులోనూ డ్యుటీరియం అసిటోన్ ఉండదు. ఆ బిల్డింగు మొత్తానికీ అది ఉన్నది ఒకే ఒక్క సొరుగులో.

ఆ సొరుగు అతని మోకాలికి తగులుతోంది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఆకుపచ్చ టేపు స్టాండులోంచి ఒక ఖాళీ ట్యూబు, ఇంకొకరి స్టాండులోంచి ఇంకో ఖాళీ ట్యూబు తీసి, రెండింట్లో పదార్థమేమీ లేకుండా, కరిగించే ద్రవం ఒక్కటే పోసి కార్బన్ పరీక్ష పెట్టాడు. రెండు గంటలు కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. ఇంకొకరి ట్యూబులో ముప్ఫై దగ్గర ఏమీ లేదు. ఆమె ట్యూబులో ఏడు గీతలూ వరసగా నిలబడి ఉన్నాయి. హైడ్రోజన్ పరీక్షలో కనబడకూడదని ఎంచుకున్న అసిటోన్ కార్బన్ పరీక్షలో దొరికిపోయింది. మూత పెట్టేశాడు కాబట్టి ఆరనూ లేదు. మూడుసార్లు కడిగాడు కాబట్టి పెరిగింది. ఆమె పదార్థంలో ఏ లోపమూ లేదు. ఏ రోజూ లేదు.

టైం చూశాడు. ఒంటిగంటన్నర. ఆమె ప్యూరిఫికేషన్ మొదలుపెట్టేది రెండింటికి.

ఇక్కడ అతనికి ఒక తేలిక దారి కనబడింది. దాచడం ఎందుకు, ఆ దారిలో అడుగు వెయ్యబోయాడు కూడా. ఏమీ చెప్పకుండా రేపు ఆమె ట్యూబుకి బదులు కొత్త ట్యూబు వాడితే చాలు. సోమవారం గీతలుండవు. ఆమె సంతోషిస్తుంది, స్టూలు మీదికి తిరిగొస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అప్పటికి ఐదు మిల్లీగ్రాములు మూడో రెండో అవుతాయి. అదీ కాక, నాలుగోసారి చేస్తే గానీ కుదరని చేతులు నావి అని ఆమె ఎప్పటికీ అనుకుంటూనే ఉంటుంది.

చెబితే ఆమె ఇక రాదు. నాలుగు వారాల ఏడుపుకి కారణం ఎదురుగా నిలబడి ఒప్పుకుంటే ఎవరు మాత్రం మళ్లీ మొహం చూస్తారు? ఆ గది మళ్లీ మునుపటిలా అయిపోతుంది.

తలుపు తీసి మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

మూడో అంతస్తుకి అతను వెళ్లి ఏళ్లయింది. ల్యాబులో ఆరుగురు, ఐదు జతల హెడ్‌ఫోన్లు. ఆమె ఒక్కతే హెడ్‌ఫోన్లు లేకుండా, పదార్థాన్ని పోసి శుభ్రం చేసే గాజు కాలమ్ ముందు నిలబడి, తెల్లపొడి కరిగించిన చిన్న సీసాని చేతిలోకి తీసుకుంటోంది.

"ఆగండి," అన్నాడు. ఆయాసంతో గొంతు గట్టిగా వచ్చింది. ఐదుగురూ తలెత్తారు.

ఆమె అతన్ని చూసి కంగారుపడింది. "ఏమైంది? మీరు పైకొచ్చారేంటి?"

"అది పొయ్యకండి. ఒక్క నిమిషం బయటికి రండి."

మెట్ల పక్క కిటికీ దగ్గర వాన జల్లు లోపలికి కొడుతోంది. అతను రెండు గ్రాఫులూ ఆమె చేతిలో పెట్టి, నీళ్లు నమలకుండా మొత్తం చెప్పాడు. సొరుగు, సీసా, పొద్దున్నే కడగడం, మూతలు. ఆమె గ్రాఫుల మీదికి వంగి గీతలు లెక్కపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. ఏడు దగ్గర ఆగాయి.

"ఆరు మిల్లీగ్రాములు పోగొట్టుకున్నా," అంది మెల్లగా.

"అవును."

"రెండుసార్లు బాత్రూంలో ఏడ్చా."

"తప్పు నాది. మీ చేతులది కాదు. అది చెబుదామనే వచ్చా."

ఆమె గ్రాఫుల్ని మడిచి, మళ్లీ విప్పింది. తిడితే బాగుండుననిపించింది అతనికి. తిట్లు అలవాటే. ఈ నిశ్శబ్దం అలవాటు లేదు.

"ఒకటి అడగనా? అందరి ట్యూబులూ కడుగుతారా మీరు?"

"లేదు."

"మరి?"

అతను కిటికీ బయటికి చూశాడు. "మీవే."

ఆమె గ్రాఫులు పట్టుకుని ల్యాబులోకి వెళ్లిపోయింది. శుక్రవారం సాయంత్రం కొత్త ట్యూబు, సీలు విప్పనిది, ఆమే తెచ్చి, ఆమే పదార్థం పోసి, తలుపు బయట స్టాండులో పెట్టి వెళ్లిపోయింది. అందరిలాగే. లోపలికి రాలేదు. అతను ట్యూబుని యంత్రంలోకి దించి, ఖాళీ స్టూలు చూసుకుంటూ తాళాలు తీసుకున్నాడు. ట్రేలో తాళాలొక్కటే ఉన్నాయి.

ఆదివారం అక్క ఫోన్ చేసింది. "ఏరా, మాట్లాడావా ఈ వారం?"

"మాట్లాడాను. ఇక అవతలివాళ్లే మాట్లాడరేమో."

"తప్పు నీదా, వాళ్లదా?"

"నాదే. ఒప్పుకున్నా."

"మరింకేం. సగం చెప్పేశావు," అంది అక్క. "మిగతా సగం మింగెయ్యకు. నిన్ను చూస్తూనే ఉన్నా కదా ఇన్నేళ్లుగా."

సోమవారం గ్రాఫు వచ్చింది. ముప్ఫై దగ్గర నున్నగా ఉంది. మెయిల్ పంపించాడు. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. ఎవరో ట్యూబు పెట్టి వెళ్లిన చప్పుడు వినబడి తలుపు తీశాడు, ఇంకెవరో. పదకొండింటికి పని చేసుకుందామని కూర్చుని, ఒకే ట్యూబుని రెండుసార్లు యంత్రంలో పెట్టి రెండుసార్లు తీశాడు.

తలుపు దగ్గర ట్రేలో ఏదో పడ్డ చప్పుడైంది. వాచీ. తర్వాత క్లిప్పు.

"గైడుకి రాతపూర్వకంగా కావాలట," అంది ఆమె, ఒక ఫారం అతని ముందు పెట్టి. "ఆ గీతలు ఎలా వచ్చాయో. కారణం అన్న చోట మీరే రాసి సంతకం పెట్టాలి."

అతను రాశాడు. 'శాంపిల్‌లో లోపం లేదు. ఆపరేటర్ ట్యూబులను డ్యుటీరియం అసిటోన్‌తో కడిగి, ఆరకముందే మూతలు పెట్టాడు.' సంతకం పెట్టి ఇచ్చాడు. ఆమె జుట్టు ఒక చేత్తో పట్టుకుని చదివింది.

"ఇది ఎలా జరిగిందో రాశారు. ఎందుకో రాయలేదు."

"గైడుకి అదెందుకండీ?"

"గైడుకి కాదు." ఆమె టేబుల్ మీద ఖాళీ స్లిప్పు ఒకటి తీసి అతని ముందుకు జరిపింది. "ఇది నాకు."

ఆపరేటర్ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. కంప్రెసర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలైంది. నోటితో చెప్పమంటే ఈ జన్మకి చెప్పలేడు గానీ, స్లిప్పు రాయడం అతనికి రోజూ ఉన్న పనే. రాశాడు.

'గ్రాఫు చూసి మీరు నవ్వాలని కడిగాను. గ్రాఫు బాగుంటే ఇక కిందికి రారని తెలిసి కూడా కడిగాను. మీరు రాకపోతే ఈ గదిలో నా గొంతు నాకే వినబడదు.'

ఆమె చదివింది. మళ్లీ చదివింది. స్లిప్పుని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది.

"గ్రాఫులన్నీ బాగున్న మూడు నెలలూ నేనెందుకొచ్చాననుకున్నారు?"

"పైన గోలగా ఉంటుందని..."

"మా ల్యాబులో ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లవని, ఎవరూ మాట్లాడరని నేనే చెప్పాను కదా. గోలెక్కడిది?"

అతను ఆమె స్టూలు వైపు చూశాడు. మూడు నెలలుగా కళ్లెదుట ఉన్నది, ఒక్కసారీ పెద్దది చేసి చూడలేదు.

"ఇంత పెద్ద తేడా కనిపెట్టలేదు, మీరేం ఆపరేటరండీ?" అంది ఆమె. నవ్వుతోంది. స్టూలు లాక్కుని, మూల కాదు, అతని టేబుల్ పక్కనే వేసుకుని కూర్చుంది. ఆకుపచ్చ టేపు స్టాండుని ఇద్దరి మధ్యకీ జరిపింది.

"రేపట్నుంచి ఇద్దరం కలిసి కడుగుదాం. మామూలు అసిటోన్‌తోనే."

"సరేనండి."

"మూతలు మాత్రం మీరు పెట్టకండి."